మాలెగావ్‌లో ఎద్దుబండి క్రేను

నాసిక్ నుండి ముంబై–ఆగ్రా రహదారి వెంబడి సుమారు 100 కిలోమీటర్లు పోయినపిమ్మట, మోసం నదికి ఇరుగడల వ్యాపించియున్న మాలెగావ్ పట్టణము ఎదురగును. సిరిసిల్ల వీథులలో నడచినవారికి చిరపరిచితమైన సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడే ఇచ్చటను గోడగోడ వెనుకనుండి వెలువడుచుండును. శుక్రవారమునాడు ఆ చప్పుడు ఆగును. నేతపనివారికి సెలవు అదియే. ప్రార్థన ముగించుకొని వారు సినిమాకు పోవుదురు. వారిలో కొందఱు సినిమా తీయుదురు. నేను చూడవచ్చినది ఈ రెండవవారి పనితనమును.

వీడియో పార్లరు నడపుకొనుచుండిన నాసిర్ షేక్, పెండ్లి వేడుకలను పట్టు వీడియో కెమెరాతో, రెండు వీసీఆర్‌లను జోడించి చేసిన కూర్పుతో, మిత్రులును ఇరుగుపొరుగువారును నటులుగా, 'మాలెగావ్ కే షోలే' అను హాస్యానుకరణమును తీసి 2000 ప్రాంతమున ఊరివారికి చూపెను. దొంగలకు గుఱ్ఱములు దొరకలేదు, సైకిళ్ళెక్కిరి. ఊరు విరగబడి చూచెను. పిమ్మట అతడు 'మాలెగావ్ కా సూపర్‌మేన్' తీయుచుండగా, ఫైజా అహ్మద్ ఖాన్ ఆ ప్రయత్నమునంతయు వెన్నంటి చిత్రించి, 2008లో 'సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్' అను డాక్యుమెంటరీగా కూర్చెను.

సినిమా తీయుటను గూర్చి డాక్యుమెంటరీ వేషమున కల్పించిన హాస్యచిత్రములు నేను పెక్కు చూచియున్నాను. వానిలో రచయిత ఊహించి పేర్చు అవాంతరములు, కెమెరా నీట పడుట మొదలైనవి, ఫైజా డాక్యుమెంటరీలో ఎవ్వరును కల్పింపకయే జరిగినవి. మనము నవ్వుదుము, నిజమే. కాని ఆ నవ్వులో వారిని చులకన చేయుట లేశమైనను లేదు, ఏలయన ఆ బృందములో ప్రతివాడును తన పనిని ఎంత శ్రద్ధతో చేయుచున్నాడో చిత్రము చూపుచునే యుండును.

నాసిర్ చిత్రములకు పనిచేసిన ఒక పెద్దాయన (నా హైదరాబాదు ఉర్దూ అక్కడ అక్కరకు వచ్చెను) ఎద్దుబండిని క్రేనుగా వాడిన విధమును చేసి చూపెను. ఎడ్లను విప్పి, కాడి వైపు నొగపై కెమెరా పట్టువానిని కూర్చుండబెట్టి, బండి వెనుకతట్టు నలుగురు మెల్లమెల్లగా బరువు మోపినచో, ఇరుసు ఆధారముగా బండి త్రాసువలె ఒఱగి నొగ పైకి లేచును. "తొందర పడరాదు భాయీ, ఒక్కడు ముందుగా దిగినా పైవాడు నేలబడును" అని ఆయన నలుగురిని వరుసగా దింపి చూపెను. యంత్రశాస్త్రము చదువనివారి చేతిలో తులాదండ సూత్రము అంత చక్కగా పనిచేయుట నేనెన్నడును చూడలేదు.

ఆ సూపర్‌మేన్ వేషధారి షేక్ షఫీక్ సాంచెల కార్మికుడు. బక్కపలుచని దేహముతో పచ్చతెర ముందర ఆకాశయానము నటించిన ఆతడు, డాక్యుమెంటరీ 2012లో దేశమునందలి థియేటర్లకు రాకమునుపే, 2011లో నోటి క్యాన్సరుతో మరణించెను.

రీమా కాగ్తీ ఈ కథనే 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగావ్' అను పేర తీయగా అది 2025లో విడుదలయైనది. అందువలన ఊరి పేరు దూరదేశములకు ప్రాకినందుకు నాకును సంతోషమే; అయినను నా కోరిక వేఱు. వీడియో టేపు చిరకాలము నిలుచు వస్తువు కాదు. బూజు పట్టును, బొమ్మ చెదరును. పెద్ద చిత్రముల నెగెటివ్‌లపై చూపు శ్రద్ధలో కొంతయైనను ఈ ఊరి మూలప్రతులపై చూపి, ఏదేని ఫిల్మ్ ఆర్కైవు, తీసినవారు జీవించియుండగనే, వారి సహాయముతో వానిని సేకరించి భద్రపఱచవలెను.