మా బావి నీళ్ళూ, మా ఆవిడ డయాలసిస్సూ

డయాలసిస్ ఇంట్లోనే చేసుకోవచ్చని డాక్టరు అనగానే మేమిద్దరం వేసిన మొదటి లెక్క ప్రయాణానిది. సెంటరు 40 మైళ్ళు, వారానికి మూడుసార్లు, మంచు పడే రోజుల్లో కూడా. నీళ్ళ సంగతి నర్సు అడిగేదాకా మాకు తట్టనే లేదు. మాది పెన్సిల్వేనియాలో మొక్కజొన్న చేల మధ్య ఇల్లు. బావి నీళ్ళు. బావి అంటే గిలకా చేదా ఊహించుకోకండి, మన బోరు లాంటిదే.

మా అత్తగారు విజయనగరం నుంచి ఫోన్లో "బావి నీళ్ళయితే మరీ మంచిది కదా బాబూ, కాచి చల్లార్చి వాడండి" అన్నారు. ఆవిడకి నచ్చజెప్పడానికి నేను చాలా చదవాల్సొచ్చింది :)

మిషన్లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం పారుతుంది. నాలుగు గంటలకి 120 లీటర్లు! మనం రోజంతా తాగేది రెండు లీటర్లు, అదీ పేగులు దాటి వెళ్ళాలి. ఇక్కడ రక్తానికీ నీళ్ళకీ మధ్య ఉన్నది ఒక పల్చటి పొర మాత్రమే. పైగా చేరినదాన్ని బయటికి తోసే కిడ్నీలు లేవు.

మా నీళ్ళు ల్యాబుకి పంపితే నైట్రేట్ 6 వచ్చింది (లీటరుకి మిల్లీగ్రాముల్లో, నైట్రోజన్ లెక్కన). తాగే నీళ్ళకి ఇక్కడి హద్దు 10, డయాలసిస్‌కి 2. అంటే మేం హాయిగా తాగుతున్న నీళ్ళే ఆమె రక్తానికి పనికిరావు. నైట్రేట్ ఎక్కువైతే ఎర్ర కణాలు దెబ్బతింటాయి. కాస్తే క్రిములు చస్తాయి గానీ, నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క చెప్పాక అత్తగారు కాసేపు మాట్లాడలేదు.

సొంత బావుల మీద ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం అజమాయిషీ లేదు. పరీక్ష, ఖర్చు, బెంగ అన్నీ ఇంటివాళ్ళవే. పొట్టలో చేసే డయాలసిస్ అయితే ద్రవం సంచుల్లో వస్తుంది, ఈ గొడవుండదు. పాత ఆపరేషన్ల వల్ల ఆమెకది కుదరదన్నారు.

ఇప్పుడు బేస్‌మెంట్ చూస్తే చిన్న ఫ్యాక్టరీలా ఉంటుంది. మట్టి పట్టే ఫిల్టరు, సాఫ్ట్‌నరు, కార్బన్, చివర ఆర్వో. ఆర్వో దాటాక నైట్రేట్ 1 లోపుకి దిగింది. అది వదిలేసే నీళ్ళు సెప్టిక్ ట్యాంకు మీద పడతాయి, ఆ లెక్క వేరే. కరెంటు పోతే బావి మోటారూ పోతుంది, అందుకని జనరేటరు.

సిటీ నీళ్ళలో క్లోరిన్, క్లోరమైన్ భయం. బావి నీళ్ళలో అవి లేవు, అందుకే బ్యాక్టీరియా భయం. కిందటేడు వానల తర్వాత కోలిఫాం కనబడితే బావిలో బ్లీచ్ పోయించాం. ఆ బ్లీచ్ పూర్తిగా పోయి, పరీక్షలు మళ్ళీ సరిగ్గా వచ్చేదాకా మిషన్ ముట్టుకోవద్దన్నారు. రెండు వారాలు మళ్ళీ 40 మైళ్ళు. దారిలో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ రేడియో పెట్టలేదు.

పక్క పొలం ఆయనకి మా సంగతి తెలుసు. ఎరువు వేసేముందు ఫోన్ చేస్తాడు, పాపం. నిన్న చేశాడు. గురువారం పేడ తోలతాడట. శాంపిల్ సీసాలు రెండే మిగిలాయి, తెప్పించాలి.