అంబాజీపేట పొట్టిక్కలు.. అందరికీ ఒకే ఆకు!

కోనసీమ వెళ్తే అంబాజీపేటలో ఆగండి. పనసాకుల్ని పుల్లలతో బుట్టల్లా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలకి ఆ ఊరు పెట్టింది పేరు.

ఇంటికి రకరకాల పత్యాల చుట్టాలొస్తే ఇవే దిక్కు. గోధుమ పడనివాళ్లు, పాలు ముట్టనివాళ్లు, ఉల్లి వెల్లుల్లి తినని మామ్మగారు.. అందరూ తినొచ్చు. ఉన్నది మినప్పప్పు, బియ్యం రవ్వే కదా! రాత్రే పిండి రుబ్బి, బుట్టలు కుట్టేసుకుంటే పొద్దున ఆవిరికి పెట్టడమే పని.

నెయ్యి విడిగా పెట్టండి. కొబ్బరి పచ్చడి తాలింపులో ఇంగువ మానేయండి. బజారు ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. వేరుశనగ పడనివాళ్లుంటే ఆ పచ్చడి జోలికే పోవద్దు, గరిటె మారినా ప్రమాదమే. షుగరున్నవాళ్ల కోసం పెసలు నానబెట్టండి, పెసరట్లు వేయొచ్చు.

"మరి నాకో?" అని ఒక్కరూ చిన్నబుచ్చుకోకుండా లేస్తే, అదే విందు!