ఒకే గుర్రము, వేరువేరు శాసనములు

మే మాసపు మొదటి శనివారమున కెంటకీ డెర్బీ జరుగు లూయీవిల్ నగరమున గుర్రపు పందెము ఒక మహోత్సవము. ఇచ్చట స్థిరపడిన తెలుగువారమును తప్పక పోవుదుము. అక్కడ అమ్ము పందెపు పుస్తకమున గుర్రముల పేర్ల ప్రక్కన పలుచోట్ల కానవచ్చు ‘ఎల్’ అను అక్షరము లాసిక్స్‌కు గుర్తని తెలిసినప్పుడు నేను నివ్వెరపోయితిని. విజయవాడలో మా తాతగారికి కాళ్లవాపు తీయుటకు వైద్యులు వ్రాసియిచ్చిన మందే అది! దానినే ఇచ్చట పందెమునకు సుమారు నాలుగు గంటల ముందు గుర్రపు నరమునకు సూదితో ఎక్కింతురు.

ప్రాణములొడ్డి పరుగెత్తు గుర్రపు ఊపిరితిత్తులలో సన్నని నాళములు చిట్లి నెత్తురు స్రవించుటయు, ఈ మందు దానిని తగ్గించుటయు సత్యమే. అయినను మూత్రరూపమున నీరు వెడలి దేహము తేలికపడుట చేతను, ఇతర ఔషధముల జాడ పలుచబడునను శంక చేతను, బ్రిటన్, ఫ్రాన్సు, హాంకాంగులు పందెపు దినమున దానిని నిషేధించినవి. మన మలక్‌పేట మైదానమునను ఆ నిషేధమే. అమెరికానుండి బ్రిటన్‌లోని రాయల్ ఆస్కాట్ పందెములకు పోయిన గుర్రములు అచ్చట ఈ సూది లేకయే పరుగెత్తును. 2016లో లేడీ ఆరేలియా అట్లే గెలిచినది. సముద్రము దాటినంత మాత్రమున గుర్రపు ఊపిరితిత్తులు మారునా? మారునది యజమానుల సౌకర్యమేనని నా దృఢవిశ్వాసము.

ఇచ్చట అమెరికాలో చిరకాలము రాష్ట్రమునకొక కమిషన్, కమిషనునకొక నియమము. 2020లో కేంద్రశాసనము వచ్చి, 2023 మే నెలనుండి మందుల నియమములు దేశమున చాలవరకు ఏకరూపమైనవి. రెండేండ్ల గుర్రముల పందెములలోను, ప్రధాన పందెములలోను లాసిక్స్‌కు తావులేదు, తక్కినవాటిలో ఇంకను సాగుచున్నది. చిక్కు లాసిక్స్‌తోనే ముగియదు. 2021 డెర్బీలో ముందుగా గమ్యము చేరిన మెడీనా స్పిరిట్ అను గుర్రపు రక్తమున, నొప్పిని అణచు బీటామెథసోన్ అను మందు మిల్లీలీటరుకు 21 పికోగ్రాములు కనబడెను. పికోగ్రామనగా గ్రాములో లక్షకోట్లవ వంతు. చర్మవ్యాధికి పూసిన లేపనమని యజమాని పక్షము వాదించినను మరుసటి ఏట ఆ విజయము రద్దయ్యెను. కొందరికి ఇది కఠినముగా తోచవచ్చును. నాకట్లు తోచలేదు, నొప్పిని అణచు మందు, ఆగుమని హెచ్చరించు దేహపు గొంతును సైతము అణచును, అంతకుమించి చెప్పుకొను భాష ఆ మూగజీవికి లేదు.

ఈ చింత నన్ను కృష్ణా డెల్టాకే లాగుకొనిపోవును. గుడివాడ ప్రాంతమున సంక్రాంతికి ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగునప్పుడు, పండ్లు చూచి విభాగము నిర్ణయించి, బండ బరువు ఖరారుచేసి, గడువులో లాగిన దూరమును అడుగులలో కొలిచి మైకులో ప్రకటించు పెద్దలు, అంతే నిష్ఠతో గెలిచిన జత మూత్రమును, రక్తమును పరీక్షకు పంపవలెనని నా ప్రార్థన. జంతువునకు హానికరమైన మందు నిచ్చుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమే. గన్నవరమున పశువైద్య కళాశాల ఉండగా, నమూనా తీయ నేర్చినవారికై దూరము పోనక్కరలేదు.