నాలా

ఉర్దూలో నాలా అంటే చిన్న ఏరు. తెలుగులో వాగు అన్నా అదే. కాని నేడు హైదరాబాదులో ఆ మాట వినగానే ముక్కు మూసుకోవడం అలవాటైపోయినది. మాటలో దోషం లేదు. నీరు చెడినది, దానితో పాటు మాటకూ మైల అంటినది.

కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ హుస్సేన్ సాగరానికి చేరే దారులు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చినది. ఇండ్ల మురుగు, కర్మాగారాల వ్యర్థజలం నాలాలలో పడిన కొలదీ చెరువు ఆ యోగ్యతను కోల్పోయినది.

పారే నీరు తనంతట తానే శుభ్రపడదా అని విద్యార్థులు మమ్ము అడుగుతుంటారు. శుభ్రపడుతుంది, కాని దానికొక హద్దు గలదు. సూక్ష్మజీవులు మలినాలను హరించేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటవి. స్నానయోగ్యమైన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అది పూర్తిగా తరిగిపోతే వేరొక జాతి సూక్ష్మజీవులు ప్రబలి, హైడ్రోజన్ సల్ఫైడు అనే దుర్గంధ వాయువును పుట్టిస్తవి. కుళ్ళిన గుడ్ల వంటి ఆ వాసన, వాగుకు ఊపిరి ఆడటం లేదనడానికి గుర్తు.

మా తరగతిలో కొందరి ఇండ్లు నాలా గట్టునే ఉన్నవి. చిరునామా వ్రాయమంటే వారు సమీపంలోని మసీదు పేరో, బజారు పేరో వ్రాస్తారు గాని నాలా పేరు వ్రాయరు. ఇది మమ్ము మిక్కిలి బాధించినది. వాగును చెరచినది నగరమంతా. తలవంపు మాత్రం గట్టున ఉన్నవారిది. 2020 అక్టోబరు వరదలలో నాలాలు పొంగినప్పుడు ఆ మురుగు చొరబడినదీ లోతట్టు బస్తీల వాకిళ్ళలోనికే.

జలకాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చినది. చట్టాన్ని అమలు జరిపించేది ప్రజల ఎరుక. వింక్లర్ పద్ధతిలో నీటిలోని ప్రాణవాయువును మన రసాయనశాలలోనే కొలవవచ్చును. నెలకొకమారు కొలిచి, ఆ అంకెను ఉర్దూ, తెలుగు భాషలలో నోటీసు బోర్డుపై వ్రాయవలెనని విద్యార్థులను, అందుకు కావలసిన సామగ్రి సమకూర్చవలెనని కమిటీ పెద్దలను కోరుతున్నాము.

ఉర్దూ కవిత్వంలో నాలా అంటే ఆక్రందన అని కూడా అర్థం. ఆ ఆక్రందనను ముందుగా మనము విందాము. గట్టున ఇల్లున్న విద్యార్థి తన చిరునామాలో నాలా పేరును సంకోచం లేక వ్రాసే దినం రావాలి.