నీటి అడుగున రెండు రకాల హాయి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల నిమిత్తం సియాటిల్ ప్రాంతానికి చేరిన తెలుగువారిలో స్కూబా నేర్చుకునేవారికి, అంటే గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకుని నీటి అడుగున సంచరించే విద్యను అభ్యసించేవారికి, చేరువలో ఉన్న సముద్రం ప్యూజెట్ సౌండ్. పేరులోని సౌండ్‌కు శబ్దంతో సంబంధం లేదు, అది భూభాగంలోకి చొచ్చుకువచ్చిన పసిఫిక్ పాయ. దాని లోతునీరు ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది కాబట్టి, బంగాళాఖాతపు వెచ్చని అలలకు అలవాటుపడ్డ శరీరం అక్కడ ఒంటికి నీరు తగలనివ్వని డ్రై సూట్‌ను ఆశ్రయించక తప్పదు. ఇంత తంటాలు పడి దిగినవారు ఒడ్డుకు వచ్చాక చెప్పే మనశ్శాంతికి, ఉల్లాసంతో ముడిపెట్టే రసాయనమైన డోపమైన్ పెరగడమే కారణమన్న వివరణ వినడానికి సొంపుగానే ఉన్నా, శరీరధర్మశాస్త్రం దానిని పూర్తిగా సమర్థించదు.

2000 సంవత్సరంలో ప్రచురితమైన చెక్ పరిశోధకుల అధ్యయనంలో, 14 డిగ్రీల సెల్సియస్ నీటిలో తల మాత్రం పైకి ఉంచి గంటసేపు కూర్చున్న యువకుల రక్తంలో, దేహాన్ని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ 530 శాతం, డోపమైన్ 250 శాతం పెరిగాయి. అయితే వారు చలిని నేరుగా చర్మంతో భరించినవారు. పైగా రక్తంలోని డోపమైన్ రక్తానికీ మెదడుకూ నడుమ ఉండే వడపోత వంటి అడ్డును దాటలేదు కాబట్టి, ఆ అంకెలను డ్రై సూట్‌లోని డైవర్ ఉల్లాసానికి అంటగట్టడం తొందరపాటే.

ఆ నెమ్మదికి ఊపిరిలోనూ రక్తప్రవాహంలోనూ కారణాలు వెదకడం సబబు. గాలిని పొదుపుగా వాడేందుకు డైవర్లు దీర్ఘంగా, నిదానంగా శ్వాసించడం నేర్చుకుంటారు. నిశ్వాసం సాగేకొద్దీ గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి ప్రభావం బలపడుతుంది. మరోవైపు, నీటి ఒత్తిడి వల్ల కాళ్లలోని రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది, మెడ వరకు మునిగినప్పుడే ఇది దాదాపు 700 మిల్లీలీటర్లు ఉంటుంది. దానితో గుండె పై గదులైన కర్ణికలు సాగి, ఒంట్లో నీరు ఎక్కువైందని భ్రమించి, ఉప్పునూ నీటినీ బయటకు పంపించే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. మూత్రపిండాలు ఆ ఆజ్ఞను శ్రద్ధగా పాటిస్తాయి. డ్రై సూట్ విప్పే బాధకు భయపడి ముందుగా నీళ్లు తాగడం మానేసేవారికి తరువాత వచ్చే తలనొప్పిలో దీని పాత్ర తక్కువేమీ కాదు. ఒడ్డున ఫ్లాస్కులోని కాఫీ కన్నా మంచినీళ్లకే తొలి తాంబూలం దక్కాలి.

ఇంకా లోతుకు వెళ్తే హాయి స్వభావమే మారుతుంది. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరిగి, 30 మీటర్ల వద్ద అది ఉపరితలంలో ఉన్నదానికి నాలుగు రెట్లవుతుంది. అప్పుడు గాలిలో సుమారు 78 శాతం ఉన్న నత్రజని నాడీకణాలలో అధికంగా కరిగి, సారాయి మత్తును పోలిన మైకాన్ని కలిగిస్తుంది. ఈ మైకానికి మూలం నత్రజని అని 1935లో ప్రతిపాదించినవారిలో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే ముఖ్యుడు. అకారణ సంతోషం, అతివిశ్వాసం, సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూసుకోవాలన్న ధ్యాస తప్పడం దీని గుర్తులు. కొన్ని మీటర్లు పైకి వస్తే త్వరగా తేరుకుంటారు గాని, మొదటి ప్రశాంతతకూ ఈ మత్తుకూ తేడా అనుభవించేవారికి తెలియకపోవచ్చు. అందుకే జతగా దిగిన డైవర్ ఎదుటివారి కళ్లను, కదలికలను కనిపెట్టి, అనుమానం కలిగితే బొటనవేలు పైకెత్తి చూపుతాడు. నీటి అడుగున ఆ సైగకు అర్థం బాగుందని కాదు, ఇక పైకి పోదామని.