ఎలికాటు సిటీలో చదరముల మార్పిడి

అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, బాల్టిమోరు నగరమునకు పడమరగా, పటాప్స్కో యను చిన్న నది యొడ్డున ఎలికాటు సిటీ యను పాతయూరు కలదు. పేరునకు నగరమే కాని చూపునకు కొండల నడుమనున్న పల్లె. 1772 వ సంవత్సరమున ఎలికాటు సోదరులు ఈ నదీజలముల బలముచే తిరుగు పిండిమరలను ఇచ్చట స్థాపించిరి. 1830 లో బాల్టిమోరు నుండి పదుమూడు మైళ్ల ఇనుపదారి యిచ్చటికి వేసిరి. ఆనాటి రాతిస్టేషను నేటికిని నిలిచియున్నది; ఆ దేశమున మిగిలియున్న రైలుస్టేషనులలో దానికంటె ప్రాచీనమైనది లేదందురు. పెద్దవీధి రెండు కొండల నడుమ ఏటవాలుగా నదివైపునకు దిగును. ఆ సొగసే దానికి కీడు కూడను. 2016 లోను, మరల 2018 లోను కొండలపై కురిసిన వాన యంతయు ఆ వీధినిబడి పాఱి, దుకాణములను కొట్టుకొనిపోయెను. అయినను ఆ వీధివారు వీధిని విడువలేదు.

నదికి ఆవలియొడ్డున ఓయెల్లా యను గ్రామమున్నది. 1808 లో అచ్చట నూలుబట్టల మిల్లు కంపెనీ యొకటి యేర్పడగా, దాని ననుసరించి గ్రామము పెరిగెను. అమెరికాఖండమున మొట్టమొదట ప్రత్తి వడికిన స్త్రీ పేరే ఆ గ్రామమునకు పెట్టిరని చెప్పుకొందురు. ఆమె యెవ్వతెయో నేనడిగినవారెవ్వరును చెప్పలేకపోయిరి.

నా కుమార్తె కాపురము ఈ యూరికి సమీపముననే. ఆమె తొలికాన్పునకు సాయపడుటకై నిరుడు శ్రావణమాసమున బందరు నుండి బయలుదేరి పోయి, ఆఱు నెలలు అచ్చట నుంటిని. మనుమరాలు పుట్టినది. పురుడు వెళ్లినది. పగలు పిల్ల నిద్రించునప్పుడు నాకు తోచుబాటు కాకుండెను. కిటికీలోనుండి చూడగా కొండలమీది చెట్లు పసుపు కుంకుమలు పూసికొన్నట్లుండెను గాని, చెట్లతో నెంతసేపు మాటాడగలము? అది కనిపెట్టి పొరుగింటి వృద్ధురాలు, డెబ్బదియైదేండ్లది, నన్ను తమ కుట్టుపనివారి కూటమికి తీసికొనిపోయెను.

నెలకొకమాఱు శనివారమునాడు ఒక గ్రంథాలయపు గదిలో పండ్రెండుగురు స్త్రీలు చేరుదురు. కుట్టుమిషనులు, ఇస్త్రీపెట్టెలు, అద్దమువలె అవతలికి కనిపించు కొలబద్దలు వెంటదెచ్చుకొందురు. వీరు కుట్టునది క్విల్టు. అనగా మన బొంతకు అక్కచెల్లెలు. పైన అతుకులగుడ్డ, లోన పలుచని దూది, అడుగున నొక గుడ్డ, మూడింటిని కలుపుచు నిలువునను అడ్డమునను కుట్లు. మనము పాతచీరలను పొరలుగా పఱచి కుట్టుదుము. వారు కొత్తగుడ్డను ముక్కలు చేసి మరల కలుపుదురు. మొదటిదినమున నాకిది వృథాశ్రమ యనియే తోచినది.

నాకంటె, తుదకు నా కుమార్తెకంటె చిన్నవారును నన్ను పేరుపెట్టి పిలిచిరి. అది వారి మర్యాదయే కాని, కొంచెము చివుక్కుమన్నది. నేను మాత్రము ఆ వృద్ధురాలిని పేరుపెట్టి పిలువలేక "అక్కగారూ" అనుచుంటిని. రెండు నెలలు తిరుగులోపల అందఱును ఆమెను "అక్కగారు" అనసాగిరి. అది యామె ముద్దుపేరని తలచినవారును కలరు.

అక్టోబరు నెలలో చదరముల మార్పిడి మాట వచ్చినది. క్విల్టునకు పైభాగము చదరములుగా కుట్టి, తరువాత కలుపుదురు. ఒక్కొక్క చదరమును బ్లాకు అందురు. మార్పిడిలో ఒక్కొక్కరు ఒకేతీరున పండ్రెండు చదరములు కుట్టవలెను. జనవరి కూటమినాడు అన్నియు తెచ్చి పంచుకొనగా, ఎవరికి వారి దొకటియు, తక్కిన పదునొకండ్రవి యొక్కొక్కటియు చేరును. ఇచ్చునవి పదునొకండు, వచ్చునవి పదునొకండు. నియమములు కాగితముమీద వ్రాసియిచ్చిరి. నూలుగుడ్డయే వాడవలెను, నేలగుడ్డ మీగడవన్నెది కావలెను, కుట్టునకు అంచున పావు అంగుళము విడువవలెను, చదరము 12½ అంగుళములుండవలెను, కలిపి కుట్టిన పిదప అంచులు లోనికి పోయి 12 నిలుచును, మూలను పేరు వ్రాయవలెను. వాయనములు పుచ్చుకొనునప్పుడు శనగలు తూచి చూచినట్లున్నదే యని నాలో నేను నవ్వుకొంటిని.

ఆ సంవత్సరపు నమూనా పేరు కవ్వము. వారి భాషలో చర్న్ డాష్ అందురు; వెన్న చిలుకు కఱ్ఱ యని యర్థము. మూడు వరుసలు, వరుసకు మూడు గళ్లు. నడుమ నొక చదరపు ముక్క. నాలుగు ప్రక్కల రెండేసి పట్టీలు. నాలుగు మూలలను ముక్కోణపు ముక్కలు. దూరమునుండి చూడగా నాలుగు రెక్కల కవ్వమును పైనుండి చూచినట్లే యుండును. అక్కగారు మిస్సోరి ప్రాంతమున పుట్టినది. కాన్సాస్ సిటీ స్టార్ అను పత్రిక 1928 మొదలు 1961 వఱకు ఇట్టి నమూనాలను అచ్చువేయుచుండెననియు, తన తల్లి వానిని కత్తిరించి బిస్కట్ల డబ్బాలో దాచుచుండెననియు ఆమె చెప్పెను. మనము పత్రికలలోని ముగ్గులను కత్తిరించి దాచుకొనుటలేదా!

మార్పిడి యనగా నేమో నాకు తెలియుటకని అక్కగారు ఒకనాడు నన్ను బాల్టిమోరు కళాప్రదర్శనశాలకు తీసికొనిపోయెను. 1840 ప్రాంతములనుండి కొన్ని యేండ్లపాటు ఆ నగరపు స్త్రీలు ఆల్బము క్విల్టులని ప్రసిద్ధికెక్కిన వానిని కుట్టిరి. ఒక్కొక్క స్త్రీ యొక్కొక్క చదరము కుట్టి, చెరగని సిరాతో పేరు వ్రాసి యిచ్చెడిది. పెండ్లికూతునకో, ఊరు విడిచిపోవు మతగురువునకో అన్నియు కలిపి కానుక చేసెడివారు. వెలుతురునకు వన్నె తఱుగునని వీనిని ఎల్లకాలమును ప్రదర్శనలో నుంచరు. మాకు ఒక్కటి మాత్రమే చూడగలిగినది. పూలబుట్టలు, పక్షులు, పూలదండలు, ఎఱ్ఱనివియు పచ్చనివియు, నేటికిని కన్నులకు కట్టుచున్నవి. చదరముల మూలల సిరా పేర్లు చదివితిని. వారిలో ననేకుల చేతిపని యిక నెచ్చటను మిగిలియుండదు.

అక్కడనే అక్కగారు మఱియొక సంగతి చెప్పెను. ఈ ఆల్బములకు పూర్వము, ధనికుల యిండ్లలో అద్దకపు చీటిగుడ్డల పూలను కత్తిరించి తెల్లగుడ్డపై అతికి కుట్టెడివారట. ఆ గుడ్డ మిక్కిలి ఖరీదుగనుక, కొంచెము గుడ్డను ఎక్కువ మేరకు సాగించు నుపాయమది. ఆ గుడ్డలు మొదట నెచ్చటివి? హిందూదేశపువి, వానిలో కోరమాండలు తీరపు చీటిగుడ్డలు, మా బందరు రేవునుండి ఓడలెక్కినవి, మిక్కిలి పేరొందినవి. చిరువేరుతో తీసిన మన యెఱుపు ఉదికినను పోదని సీమవారికి వింత. తమ నేతగాండ్రకు పని పోవునని ఫ్రాన్సు దేశము 1686 లోను, ఇంగ్లాండు 1721 లోను అద్దకపు నూలుగుడ్డలను నిషేధించినవి. నిషేధము నెదిరించియు స్త్రీలు వానిని వదలలేదు. మా యూరి గుడ్డను వీరి ముత్తవ్వలు పూవు పూవుగా కత్తిరించి దాచుకొనిరని వినునప్పటికి, నా పెట్టెలో అడుగున నున్న మూట జ్ఞప్తికి వచ్చినది.

అది మా అమ్మ చీర తునక. మా అమ్మ మధ్యాహ్నపువేళ వసారాలో కూర్చుండి పాతచీరలతో బొంతలు కుట్టెడిది. నన్ను కాపురమునకు పంపునపుడు తాను కుట్టిన బొంత నొకదానిని పెట్టెలో పెట్టగా, "అత్తవారు చూచిన నవ్వరా! వారియింట దుప్పట్లు లేవా!" అని తీసి యవతల పెట్టితిని. ఆమె మాటాడక మడిచి అటకమీద పెట్టినది. ముప్పదియేండ్లు గడచి, ఆమె పోయిన పిదప అటకమీది సామాను దింపగా బొంత బయటపడినది. ఎలుకలు కొట్టినది పోగా, కుంకుమరంగు నేతచీర పొరలో రెండు జానల చదరము మాత్రము గట్టిగా మిగిలియుండెను. మనుమరాలి బొంతకు నడుమ వేయుదమని దానిని వెంటదెచ్చితిని.

కవ్వపు చదరమునకు నడిమి ముక్క 4½ అంగుళములు. నా తునక 18 అంగుళముల చదరము. పదునాఱు ముక్కలు వచ్చును. పండ్రెండింటికి పండ్రెండు కోయ నిశ్చయించితిని.

నా కుమార్తెకు కోపము వచ్చినది. "అమ్మా! అమ్మమ్మ చీరను, పేర్లయిన సరిగా పలుకలేనివారికి పంచిపెట్టెదవా? వారికది యేమని తెలియును? కొత్తగుడ్డ కొనితెచ్చెదను, దానితో కుట్టుము" అన్నది. ఆమె మాట తప్పని నేననలేదు. మా అమ్మ యిచ్చినపుడు పుచ్చుకొనలేకపోతిని. ఇప్పుడు ఇచ్చుటకైన నాకు అధికారమున్నదో లేదో! అయినను కత్తెర పట్టితిని. ప్రక్క పట్టీలకును మూలలకును బందరునుండి తెచ్చిన పెడన యద్దకపు గుడ్డను ముందుగా నుదికి, ఆఱవైచి వాడితిని.

పదునైదు దినములలో పండ్రెండును ముగించి అక్కగారికి చూపితిని. ఆమె మెచ్చుకొనుచునే కొలబద్ద పెట్టినది. నడుమ పండ్రెండే వచ్చినది! అర యంగుళము తక్కువ. పాతగుడ్డ చిరుగునను భయముచే కుట్టు కొంచెము లోనికి వేసితిని, ఎంత? వీసమంత, అనగా అంగుళములో పదునాఱవ వంతు. నడిమివరుసలో నాలుగు కుట్లు, కుట్టునకు రెండంచులు, వెరసి యెనిమిది వీసములు. ఎనిమిది వీసములు అర యని చిన్ననాడు ఎక్కములలో వల్లించినదే! పైవరుసలో రెండే కుట్లుగనుక అచ్చట పావు మాత్రమే తగ్గినది. అందుచే చదరము నాలుగు ప్రక్కలను నడుమ లోనికి గుంజుకొనిపోయి, వానకు తడిసిన అప్పడమువలె నున్నది.

"మా అమ్మ కొలబద్ద యెఱుగదు. ఆమె బొంతలు ముప్పదియేండ్లు నిలిచినవి" అని కొంచెము రోషముతోనే అంటిని. దానికామె, "నీ యింట నీవు కుట్టుకొనునది యెంతయున్నను సరియే. తగ్గినచోట నీ చేయి సర్దుకొనును. ఇది నీవు లేనిచోట, పదునొకండుగురు తమతమ యిండ్లలో అతుకవలసినది గదా!" అన్నది.

ఈ మాటకు నాకు ప్రత్యుత్తరము దొరకలేదు.

పండ్రెండును విప్పితిని. కుట్లు విప్పుటకు చిన్న కొక్కెపుకత్తి యున్నది. ఎంత మెల్లగా ఆడించినను పాతనూలు ఓర్వలేదు. మూడు ముక్కలు చినిగినవి. మిగిలిన నాలుగింటిలో మూడు వానికి బదులు పోయినవి. కొత్త ఉపాయముగా, అక్కగారు చెప్పినట్లు, పాతముక్క వెనుక పలుచని మల్లుగుడ్డ నొకదానిని చేర్చి, రెంటిని ఒకటిగా పట్టి కుట్టితిని. ఇక భయములేక పావు అంగుళము నిలిచినది. రాత్రులు పిల్ల లేచినప్పుడెల్ల నేనును లేచి నాలుగు కుట్లు వేయుచుంటిని. ఒకనాటిరాత్రి నా కుమార్తె వచ్చి, ఏమియు ననక, ఇస్త్రీపెట్టె వేడిచేసి, కుట్టిన కుట్టినవి వత్తసాగినది. మిగిలిన ఒక్క ముక్కను తానడిగి తీసికొన్నది.

జనవరిలో మార్పిడినాడు మంచు పడుచుండెను. బల్లలమీద పండ్రెండు కుప్పలు. కవ్వము ఒక్కటే, చేతులు పండ్రెండు. ఒకతె గతించిన భర్త చొక్కాల చారలగుడ్డతో కుట్టి తెచ్చినది. ఒకతె యావులు, కోళ్లు అచ్చువేసిన గుడ్డతో. ఇంకొకతె నేలగుడ్డ మీగడవన్నెకు బదులు తెల్లనిది వేయగా కొంత గుసగుస పుట్టినది. నా వంతు రాగా, నడిమి ముక్క మా తల్లి చీరయని మాత్రము చెప్పితిని. చొక్కాల చదరము కుట్టిన యామె నా దానిని చేతికి తీసికొని, వెనుకకు త్రిప్పి, మల్లుగుడ్డను వ్రేలితో తడవిచూచినది. పాతగుడ్డను కుట్టినవారికే ఆ సంగతి తెలియును.

నాకు వచ్చినవానిలో నొకటి కొలతకు తక్కువ. ఇంటికి వచ్చి కొలబద్ద పెట్టగా పండ్రెండునకును లోబడియే యున్నది. పేరు చూచితిని; కూటమిలో నందఱికంటె పెద్దది, చేతులు వణకునట్టి యామె. అక్కగారి నడిగితిని. "అవును, ప్రతియేటను అంతే. చుట్టును సన్నని పట్టీ వేసి సరిచేసికొందుము. ఆమెకెవరును చెప్పరు" అన్నది. ఈ నియమము మాత్రము కాగితముమీద లేదు. నా పదునైదు దినముల కుట్లు విప్పించిన మనిషియే యీ మాట చెప్పుట చూచి, కొంచెము ఉడుకుబోతుతనము కలిగినదనియు ఒప్పుకొనెదను.

వరుసకు మూడుచొప్పున నాలుగు వరుసలు చేర్చగా మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల క్విల్టు అయినది. లోన దూది పఱచి, మా అమ్మ వేసినట్లే పొడుగుకుట్లు వేసితిని. ఏడాది నిండువఱకు పసిబిడ్డల తొట్టిలో బొంతలు, దిండ్లు ఉంచరాదని ఆ దేశపు వైద్యులు గట్టిగా చెప్పుదురు. అందుచే ముందుగది నేలపై పఱచి, మేము దగ్గఱ కూర్చుండి, పిల్లను దానిమీద బోర్ల వేయుచుంటిమి. నేను ప్రయాణమగు దినమున క్విల్టును వెనుకకు త్రిప్పి చూడగా, పదునాఱవ ముక్క అడుగుమూలను కుట్టియున్నది. దానిమీద మా అమ్మ పేరు తెలుగులో వ్రాసియున్నది. నా కుమార్తె తెలుగువ్రాత చూచి చాల యేండ్లయినది. ఒత్తు తప్పినది గాని దిద్దలేదు.

మొన్న అక్కగారి ఉత్తరము వచ్చినది. ఈ యేటి నమూనా యెగురు బాతులట. బందరునుండి పంపినను చేర్చుకొందురట. కొలత మాత్రము పావు అంగుళమే. గుడ్డ తడిపి ఆఱవేసితిని. తపాలాఖర్చు గుడ్డఖరీదునకు నాలుగింతలగునని మావారు ప్రొద్దుటినుండి లెక్కలు చెప్పుచున్నారు.