కత్తెర కింద నుంచి పడుతుంది

సర్కారు రేడియోకి జిల్లా నుంచి వార్తలు పంపే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. అభిమాని మ్యాచ్ మొత్తం చూసొచ్చి, ఆ తర్వాత నీ వార్త వింటాడు. రాజకీయ సభ వార్త వినేవాళ్లలో ఆ సభకి వెళ్లినవాళ్లు బహు తక్కువ. ఆట వార్త అలా కాదు. పది నిమిషాల బులెటిన్‌లో నీకు దక్కేది మూడు నాలుగు వాక్యాలు. అతని దగ్గర తొంభై నిమిషాల ఆట ఉంది. తన జట్టుకి తగ్గించి చెప్పావని అనుకోవడానికి అతనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఒక ఫుట్‌బాల్ జట్టు మనిషి నన్ను నిలబెట్టి అడిగాడు: "ఏవండీ రేడియోగారూ, మావోళ్లు కొట్టిన గోలు మీక్కనపళ్లేదాండీ? ఆయ్, గెలిచినోళ్ల పేర్లు మాత్రం బాగానే చదివారు." నేను పంపిన కాపీలో ఆ గోలు ఉంది. కానీ ఆఖరి వాక్యంలో ఉంది. టైము చాలనప్పుడు డెస్కు కత్తెర ఎప్పుడూ కింద నుంచే పడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియాల్సిన పనిలేదు. రేడియోలో తన కుర్రాడి పేరు రాలేదు, అంతే. ఆ రోజు నుంచి ఓడినవాళ్ల గోలుని మొదటి వాక్యంలోనే ఇరికించడం నేర్చుకున్నాను. "ఫలానా కుర్రాడి గోలుతో ముందంజ వేసిన జట్టుపై, ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ చేసి..." అని రాస్తే ఏ ఎడిటరూ దాన్ని విడదీయలేడు. తర్వాతి టోర్నమెంటులో ఆయనే నాకు టీ తెప్పించి, లైనప్ కాగితం చేతిలో పెట్టాడు. ఈ పనిలో నా మొదటి గెలుపు అదే అనుకుంటాను.

ఆట చూడటం నేర్పింది మాత్రం ఒక రిటైర్డు పీఈటీ మాస్టారు. స్టేజి మీద అతిథుల పక్కన కుర్చీ వేస్తే కూర్చోవద్దనేవారు. "అక్కణ్ణుంచి ఆఫ్‌సైడ్ కనపడదురా అబ్బాయ్" అని లైన్స్‌మన్ వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టేవారు. గోలు పడగానే కాగితం మీద నిమిషం వెయ్యి, చొక్కా నంబరు వెయ్యి, పేరు తర్వాత అడుగు అనేవారు. నంబరుంటే పేరు ఎవరైనా చెబుతారు. ఇంకోటి కూడా చెప్పారు: నిర్వాహకుడి నోట స్కోరు తీసుకోకు, రిఫరీ కాగితం చూడు.

ఊరి పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఎస్టీడీ బూత్ నుంచి ఫోనులో కాపీ చదివే రోజుల్లో పి. గన్నవరం అంటే విజయవాడ వైపు వాళ్లకి గన్నవరం అనే వినపడేది. కోనసీమ జట్టు గెలుపు కృష్ణా జిల్లా ఖాతాలో పడిందంటే ఆ ఊరు మన రేడియోని ఇక నమ్మదు. అందుకే "కోనసీమ పి. గన్నవరం" అని చెప్పి, అవతలివాళ్ల చేత తిరిగి చదివించేవాణ్ణి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ పని ఇంకా పెరిగింది. తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ ఇప్పుడు వేరువేరు జిల్లాలు. అమలాపురం కుర్రాణ్ణి పాత అలవాటుకొద్దీ తూర్పు గోదావరి ఆటగాడంటే సాయంత్రానికి ఫోన్లు వస్తాయి. ఉమ్మడి జిల్లా జట్టయితే "ఉమ్మడి" అనే మాట తప్పకుండా పడాలి.

అదే ఏడాది మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోలీ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. మర్నాడు మా ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు, "క్రికెట్‌కి అంత సేపు, మన క్లబ్బుకి ఒక్క ముక్కా సార్?" అని మీదికొచ్చారు. వాళ్ల కోపం సబబే. కోచ్ రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అంత చరిత్ర ఉన్న ఊరికి మళ్లీ ఒక పెద్ద కప్పు వస్తే, కట్టిమణి పేరైనా వినిపించాలి కదా.

ఈ అపనమ్మకం మన ఒక్కళ్లదే కాదు. స్కాట్లాండ్‌లో రేంజర్స్ క్లబ్బు 2015లో ఒక బీబీసీ విలేకరిని తమ మైదానం ఐబ్రాక్స్‌లోకి రానివ్వలేదు. దాంతో బీబీసీ అసలు తన విలేకరులెవరినీ ఐబ్రాక్స్‌కి పంపడం మానేసింది. ఆ పంతం ఏళ్ల తరబడి సాగింది. నా ఉద్దేశంలో రెండు వైపులా తప్పే. క్లబ్బు తలుపేస్తే గోడ బయట నిలబడైనా వార్త పంపాలి. ఎందుకంటే మైకు మనది కాదు. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల తగాదాలో సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పులో ఆ మాట స్పష్టంగా ఉంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అంది కోర్టు. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డిగారు విడిగా తన తీర్పు రాశారు. కొత్తగా చేరేవాళ్లు అది చదివితీరాలి.

కాబట్టి అభిమాని నీ చొక్కా పట్టుకుని అడిగితే చిరాకు పడకు. గోలు ఎన్నో నిమిషంలో పడిందో, ఎవరు కొట్టారో నీ నోట్‌బుక్ తీసి చూపించు. అందులో లేకపోతే ఆయన చెప్పింది రాసుకుని, రిఫరీ కాగితంతో సరిచూసి, తర్వాతి బులెటిన్‌కి పంపు.